పాము కాన్పు, గంగన్న చుట్టీ

అల్ హైల్, జనవరి 12

ఆఫీసుల ఉన్న నిసార్ అహ్మద్ సాబ్‌కు, విల్లాల పాములను చూసుకునే గంగన్న నమస్తే పెట్టి రాసేది.

మన యజమాని అర్బాబ్ సలాలా ఊరికి పోతూ, కొత్తగ కొన్న రెండు బోవా పాములను ఒక్క పెట్టెల వేయమన్నడు. వేసిన. ఏ తారీఖున కలిసినయో కాగితం మీద రాసి మీకు పంపమన్నడు. పాముల సయ్యాట చూడొద్దంటరు మా ఊర్ల. కొత్త తువ్వాల కప్పి, మొహం తిప్పుకొని కూసున్న. కలిసే ఉంటయి.

వాటికి పిల్లలైతేనే నాకు చుట్టీ, ఇంటికి పోను సెలవు అట. ఊర్ల ఉన్న నా భార్య సింధూజకు మూడో నెల. జూలైల మొదటి కాన్పు. నేను దగ్గరుండాలె సాబ్.

మీ గంగన్న

తా.క.: పాముల మీద కప్పిన తువ్వాల ఇంట్ల దాస్తే కలిసొస్తదట. మీకు గూడ కావాలంటే కప్పుత, సైజు రాయుండ్రి.

ఘుబ్రా, జనవరి 15

గంగన్నకు సలాం.

"కలిసే ఉంటయి" అంటే అర్బాబ్ ఒప్పుకోడు. పన్నెండో తేదీన కలిశాయని నేనే రాసేశాను. పిల్లలంటే ముందు గుడ్లే కదా, ఇకపై గుడ్ల లెక్క పంపు. గుడ్లు కనిపించిన రోజే నీ చుట్టీ కాగితం కదిలిస్తాను. పెట్టెలోకి బయటి పురుగూ పుట్రా రానీయొద్దు. ఒక్క గుడ్డు పోయినా చుట్టీ లేదు.

ఇట్లు, నిసార్ అహ్మద్

తా.క.: తువ్వాల పెద్దది, తెల్లది.

అల్ హైల్, జూన్ 2

నిసార్ సాబ్‌కు గంగన్న దండాలు.

ఇసుక పరిచిన. గుడ్లకు ట్రే పెట్టిన. ఆడది నెలల సంది తిండి ముట్టలేదు, గుడ్డు పెట్టలేదు. "నీ పాము ముందు కంటదా, నేను ముందు కంటనా?" అని సింధూజ రోజూ ఫోన్ల అడుగుతున్నది. ఏం చెప్పాలె?

మీ గంగన్న

తా.క.: కాపలా మాత్రం మీరు చెప్పినట్టే కాసిన. నిన్న పెట్టెల పంతొమ్మిది బయటి పాములు జొరబడ్డయి, మూరెడు మూరెడు. పెట్టెంత జిగట చేసినయి. సోమవారం పామును చంపొద్దని బకెట్ల ఎత్తి, మవాలే బజార్ల జంతువుల దుకాణపాయనకు ఊరికెనే ఇచ్చిన. మంచోడు, చాయ తాపిండు.

ఘుబ్రా, జూన్ 4

గంగన్నా, సలాం తర్వాత చెప్తాను.

పశువుల డాక్టరును అడిగాను. బోవా గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. నువ్వు దానం చేసింది బయటి పాముల్ని కాదు, నీ చుట్టీని. గుడ్లని రాసింది నేనే, కాబట్టి ఇది అర్బాబ్‌కు తెలిస్తే ఇద్దరమూ పోతాం. వెంటనే పోయి బకెట్టు తే.

నిసార్

తా.క.: ఈ ఉత్తరం చించెయ్. చించినట్టు కాగితం మీద రాసి పంపు.

అల్ హైల్, జూన్ 5

సాబ్‌కు దండాలు. చించిన.

పంతొమ్మిదీ ఒక్క గిరాకే కొనుక్కపోయిండట. దుకాణపాయన పేరు చెప్తలేడు. ఇగ నా చుట్టీ పోయినట్టేనా?

గంగన్న

తా.క.: ఈసారి చాయ గూడ తాపలేదు.

ఘుబ్రా, జూన్ 9

గంగన్నకు ఇప్పుడు సలాం.

ఆ గిరాకీ అర్బాబే. సలాలా నుంచి వస్తూ దుకాణంలో ఆగాడట. మచ్చలు అచ్చం మన ఆడపాము మచ్చల్లాగే ఉన్నాయని ఆఫీసంతా తిప్పి చూపించాడు. నేనూ ఆశ్చర్యపోయాను. ఆయన లెక్కలో మన పాము ఇంకా కనలేదు. "పంతొమ్మిది దొరికాక దాని కాన్పుకు కాపలా ఎందుకు? గంగన్నను ఇంటికి పంపు" అన్నాడు. పిల్లలు పుడితే పోయిన చుట్టీ, పుట్టలేదంటే వచ్చింది. ఇరవయ్యో తేదీకి టికెట్టు తీశాను. సింధూజ కాన్పుకు అందుకుంటావు.

ఇట్లు, నిసార్ అహ్మద్

తా.క.: లోపం మగదానిదేనని అర్బాబ్ తేల్చాడు. దానికి ఫైనల్ ఎగ్జిట్, మళ్ళీ రాకుండా పంపేయడమే. అదే దుకాణానికి ఇచ్చేశాం. పంతొమ్మిది మంది తండ్రి, పోతూ ఒక్క మాట అనలేదు.