స్పిన్‌దర్రాలో పెట్టిన రాయి

అక్టోబర్ 7, మంగళవారం

సలోమి నోటుబుక్కులో వెనక పేజీలు మిగిలాయి. వాటిలో రాస్తున్నాను. ముందు పేజీలన్నీ నా కూతురివే. నర్సు పనికి వెళ్లిన పరాయి దేశపు కొండ జిల్లా స్పిన్‌దర్రా గురించి — చూసిందీ విన్నదీ అన్నీ రాసుకుంది. నా చదువు ఐదో తరగతి. కూడబలుక్కుని చదువుతాను. రోజుకి ఒక్క పేజీ. ఎక్కువ చదివితే అయిపోతుంది...

అక్టోబర్ 8

ఇవాళ్టి పేజీ. ఆ కొండల్లో పఠాన్లని ఏ రాజూ పూర్తిగా ఏలలేదట. పన్ను వద్దు, సైన్యంలోకి మీ పిల్లలొద్దు, మీ కొండలు మీరు కాసుకుంటే చాలు అని పాత రాజులు వదిలేశారట. దేవదారు అడవికి ఇప్పటికీ ఊరివాళ్లే కాపలా. జిల్లా ఆఫీసు ఒక మట్టికోట. అక్కడి పెద్ద అధికారిని ఉలస్వాల్ అంటారట. “ప్రభుత్వాలు మారినప్పుడల్లా కుర్చీలో మనిషి మారతాడు. కుర్చీ మారదు. దానికి ఒక కాలు పొట్టి, కింద ఇటుక ముక్క” అని రాసింది.

నవ్వొచ్చింది. ఎన్ని నెలలకో నవ్వాను. నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

పల్వషా వచ్చింది. గొర్రెతో.

సలోమి వెళ్లిన ఆ దేశం పిల్లే. ముప్పై దాటి ఉంటాయి. ఇక్కడ యూనివర్సిటీకి చదువుకోడానికి వచ్చి, వెళ్లలేక ఉండిపోయింది. మధురవాడలో గది. ఏప్రిల్‌లో సలోమి పోయిన కబురు నాకు తెలుగులో చెప్పింది ఈ పిల్లే.

మధురవాడ నుంచి గాజువాక దాకా ఆటోలో గొర్రె! “సీటు పాడైపోద్ది, ఒల్లో కూకోబెట్టుకోమ్మా” అన్నాడట ఆటోవాడు. ఒళ్లోనే కూర్చోబెట్టుకుని వచ్చింది.

పక్కింటి అప్పలనర్సమ్మ గోడ మీంచి తొంగి చూసి — “ఏటొదినా, కిస్మస్ ఇంకా రెండు నెల్లుంది కదేటి! అప్పుడే గొర్రిని తెచ్చీసేవు?”

పల్వషా గడప దాటలేదు. తల మీద ముసుగు లాక్కుని మెట్టు మీద నిలబడింది. నేను మంచినీళ్లు తెచ్చాను.

“వద్దు అమ్మగారు. మీరు మాట ఇచ్చిన తర్వాత తాగుతాను.”

“మాటేటమ్మా? ఎండన పడొచ్చేవు. ముందు నీల్లు తాగు.”

తాగలేదు. నిలబడే చెప్పింది. సలోమి పోయిన రోజు జీపు నడిపిన నూర్ గుల్ ఇంకా ఆ మట్టికోట జైల్లోనే ఉన్నాడు. అతని వాళ్లకీ సలోమి పనిచేసిన ఆసుపత్రి ఊరివాళ్లకీ గొడవలు. మా అతిథిని చంపేశారని ఆసుపత్రి ఊరివాళ్లు, కావాలని చేశాడా అని అతని వాళ్లు. పెద్దలు గుండ్రంగా కూర్చుని జిర్గా అనే పంచాయితీ చేసి, మధ్యలో ఒక రాయి పెట్టారట. ఆ రాయి ఉన్నంతకాలం ఎవరూ ఎవరి మీదా చెయ్యెత్తకూడదు. తీయాలంటే చనిపోయినదాని వాళ్లు క్షమించామని చెప్పాలి. అప్పుడే ఉలస్వాల్ కూడా అతన్ని వదులుతాడు.

అంటే నేను చెప్పాలి.

క్షమించమని అడగడానికి తప్పు చేసినవాడి తల్లి గొర్రెని తోలుకుని గడప దగ్గరికి రావాలట. అది వాళ్ల పద్ధతి. “ఆమె ఇంత దూరం రాలేదు. ఆమె కాళ్లు ఇవే అనుకోండి” అని తన కాళ్లు చూపించింది.

తర్వాత చెప్తానన్నాను. వెళ్లిపోయింది. గొర్రె ఉంది. గ్లాసు నిండుగా మెట్టు మీద...

అక్టోబర్ 11

గొర్రె కరివేపాకు మొక్క తినేసింది. ఆకు కూడా మిగల్లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

చర్చి. అందరితో పాటే ప్రార్థన చెప్తున్నాను. క్షమించడం గురించిన ముక్క దగ్గర పెదాలు ఆగిపోయాయి. పక్కనున్నవాళ్లు దాటి వెళ్లిపోయారు.

అక్టోబర్ 17

ఆ రోజు వాగు పొంగింది. జీపు మధ్యలో ఆగింది. అతను ఈదుకుని గట్టెక్కాడు. నా పిల్లకి ఈత రాదు. అవతల ఊళ్లో ఎవరికో పురిటి నొప్పులు, వెళ్లాల్సిందేనని తనే పట్టుపట్టిందట. పడుతుంది. ఆగమంటే ఆగే మనిషా?

సముద్రం పక్కన పుట్టినదానికి ఈత రాదు. యారాడ తీరానికి తీసుకెళ్లినప్పుడల్లా గౌను వెనక పట్టుకుని నిలబడేదాన్ని. “ఒక్కసారమ్మా, మోకాలు దాకానే” అనేది. ఏనాడూ దిగనివ్వలేదు.

ఇది ఎవరికీ చెప్పలేదు. ఈ పుస్తకానికే.

అక్టోబర్ 24, శుక్రవారం

పల్వషా మళ్లీ వచ్చింది. మళ్లీ మెట్టు మీదే. మళ్లీ నీళ్లు ముట్టలేదు.

“అతని మీద అంత కోపమా అమ్మగారు?”

“కోపం కాదే.”

“మరి?”

ఎలా చెప్పను? రాయి అక్కడున్నంతకాలం వాళ్లకి నా మాట కావాలి. వారం వారం ఫోన్ వస్తుంది, పల్వషా లైన్లో కలిసి తెలుగులో చెప్తుంది. సలోమి సమాధి చుట్టూ దడి కట్టారని, ఆడవాళ్లు రంగు గుడ్డపీలికలు కట్టి వెళ్తున్నారని, సల్మా డాక్టర్ అని తలుచుకుంటున్నారని... అలా పిలిచేవారట దాన్ని. రాయి తీసేస్తే పని అయిపోయింది. ఆ కొండల నుంచి నాకింక ఎవరు ఫోన్ చేస్తారు?

చివరికి అనేశాను — “నాను మాటిచ్చీసేక, నా పిల్ల కబురు నాకెవులు సెప్తారే?”

పల్వషా నా వంక చూసింది. “మా అమ్మని చూసి ఐదేళ్లు” అంది. అంతే. గొర్రె తల నిమిరి వెళ్లిపోయింది.

వాళ్లమ్మ సంగతి ఇన్నాళ్లూ నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అక్టోబర్ 26

అప్పలనర్సమ్మ — “కొయ్యవు, తోలెయ్యవు, ఏటి సేత్తావొదినా దీన్ని? పేరెట్టి బడికంపుతావేటి?”

అక్టోబర్ 31

సలోమి రాసిన ఆఖరి పేజీ. నాలుగు రోజులు చదవకుండా దాచుకున్నాను. ఇవాళ చదివేశాను.

“నూర్ గుల్ వాళ్లమ్మ నాకు ఉన్ని మేజోళ్లు అల్లింది. మా అమ్మకి కూడా ఒక జత కావాలన్నాను. మీ ఊళ్లో చలి ఉంటుందా అంది. ఉండదన్నాను. మరెందుకే అని నవ్వింది. అయినా మొదలుపెట్టింది.”

తర్వాత ఖాళీ.

ఆవిడ కొడుకు ఆ కోటలో. ఆవిడ చేతిలో నా మేజోళ్లు. నేనేమో ఇక్కడ, ఫోన్ కోసం...

పల్వషాకి ఫోన్ చేశాను. రమ్మన్నాను.

నవంబర్ 7, శుక్రవారం

పెద్దలంతా గుండ్రంగా కూర్చున్నారట. ఫోన్ మధ్యలో, రాయి పక్కన. ఇక్కడ నేను గడప లోపల, పల్వషా బయట. ఫోన్ గడప మీద.

మూడు రోజుల నుంచి మాటలు కూడగట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. “నూర్ గుల్‌ని ఇంటికి పంపీండి బాబూ” అన్నాను. పల్వషా వాళ్ల భాషలో చెప్పింది. అవతల ఎక్కడో దూరంగా ఒక ఆడగొంతు, ఏడుపు. భాష తెలియకపోయినా అది ఎవరో నాకు తెలిసింది.

అప్పుడు అడిగాను, ఆ రాయి ఏం చేస్తారని. అవతల పారేస్తారంది పల్వషా.

“పారెయ్యొద్దని సెప్పు. మా సలోమి తలకాడ పెట్టమను.”

పల్వషా చెప్తుండగానే లైను పోయింది. విన్నారో లేదో. మళ్లీ మళ్లీ చేసింది. కలవలేదు.

గ్లాసు అందించాను. గటగటా తాగేసింది. ఇంకో గ్లాసు అడిగింది. లోపలికి వచ్చి కూర్చుని, ముసుగు కొంగుతో మొహం తుడుచుకుంది. అన్నం పెట్టాను. చేపల పులుసు. ముల్లు తీసుకోవడం రాదు. తీసిపెట్టాను.

నవంబర్ 14

ఆ కొండ కనుమ దగ్గర మంచు పడిందని పల్వషా వార్తల్లో చూసిందట. దారి మూసుకుంది. ఫోన్ టవర్ కూడా పోయిందేమో, ఎవరూ పలకడం లేదు. నూర్ గుల్ ఇల్లు చేరాడో లేదో. రాయి ఎక్కడ ఉందో.

గొర్రెని కోసి అందరికీ పెట్టాలి, అప్పుడే క్షమించడం పూర్తవుతుంది అంటుంది పల్వషా. కబురొచ్చేదాకా కొయ్యనన్నాను. మంచు కరగాలి, మార్చి దాకా రాదు అమ్మగారు అంది. ఉండనీ అన్నాను.

కరివేపాకు మోడుకి చిగురు వచ్చింది. చుట్టూ ముళ్లకంప పెట్టాను.

ఇందులో ఇంకా పదకొండు పేజీలున్నాయి. మార్చి దాకా సరిపెట్టాలి.