అంచు వెలిగే ఫిల్మ్

గౌరవనీయులైన మేడమ్‌కు,

సెలవుల్లో మన ల్యాబ్ నుంచి చింతలనార్ అడవిలోని మా ఊరికి తెచ్చుకున్న రంగు ప్లాస్టిక్ ఫిల్మ్‌ను కొలతలకు తిరిగి పంపమన్నారు. పంపలేను.

బయటి నుంచి ఏది తెచ్చినా ఇంటింటికీ పంచకుండా దాచుకోవడం మా ఊళ్ళో లేదు. అందులోని ఒక్కో రంగు అణువూ తాను పట్టిన ఎండను పక్కదానికి అందిస్తుందనీ, ఇంకెవరికీ అందించలేని చివరిదే ఎర్రగా వెలుగుతుందనీ చెబితే మా అన్న బిజ్జా నవ్వాడు. కత్తెరతో కోసి పంచాడు; ముక్కలు చేతులు మారుతూ ఇంటింటికీ చేరాయి. జనం చూరులకు కట్టుకున్నారు. ఎండపడితే అంచులు నిప్పులా మెరిసేవి.

మంగళవారం తుపాకులతో మనుషులొచ్చారు. అడవిలోవాళ్ళో, పోలీసులో, ఏ పక్షంవాళ్ళో అడగకండి. ప్రతి చూరుకూ ఆ ఎరుపు చూసి, అవతలి పక్షానికి పెట్టిన గుర్తు అనుకున్నారు. "ఏంది ఇది? ఎవరిచ్చిండ్రు?" అంటూ మా పక్కింటి ముకేష్ మోకాళ్ళు విరగ్గొట్టారు. అతను తనకు ముక్క ఇచ్చిన పొజ్జే పేరు చెప్పాడు. పొజ్జేను జుట్టు పట్టి గోడకేసి కొడితే మా అన్న పేరు చెప్పింది. ముకేష్‌నూ పొజ్జేనూ నేను తప్పుపట్టను.

అన్న చెప్పాల్సింది నా పేరు. నేను గుంపులో అతనికి ఎదురుగానే ఉన్నాను. అతని చేతిలో ముక్క పెట్టి ఎవరిచ్చారని అడిగారు. "ఎవ్వరియ్యలే. నేనే తెచ్చిన," అన్నాడు. గొడ్డలి వెనకవైపుతో దవడ పగలగొట్టి మళ్ళీ అడిగారు. మాట రాక తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపడం ఆగేదాకా కొట్టారు.

ముక్క అతని పిడికిట్లోనే ఉండిపోయింది. వదినె విప్పనివ్వలేదు. దానితోనే పూడ్చాం.

రిజిస్టరులో ఫిల్మ్ పోయిందని రాసుకోండి. ఎవరికిచ్చావని మాత్రం నన్ను అడగకండి.

మీ విద్యార్థిని