రెండు బుట్టలు, ఒక్క బండి

12 జూన్ 1963

మున్సిపాలిటీ శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారికి,

ఇదివరకు రెండు ఉత్తరాలు వ్రాశాను. జవాబు రాలేదు కనుక ఇది మూడోది.

ఉగాదికి ముందు మీరు మా వాడలో డప్పు కొట్టించారు. పేడ, బూడిద, కూరగాయల తొక్కలు ఒక బుట్టలో, గాజు ముక్కలు, పెంకులు ఇంకో బుట్టలో పెట్టాలన్నారు. మొదటి బుట్టలోదానితో ఎరువు చేసి రైతులకు ఇస్తామన్నారు. నేను నమ్మాను. నమ్మి ఊరుకోక ఇంటింటికీ తిరిగి, అందరిచేతా రెండేసి బుట్టలు పెట్టించాను.

మీ బండి వచ్చింది. బండి తోలే ఎల్లయ్య రెండు బుట్టలనూ ఒకేచోట గుమ్మరించాడు. ఇదేమిటని అడిగితే, "బండి ఒక్కటే ఇచ్చిండ్రు పంతులూ, బుట్టలు రెండైతే నేనేం జెయ్యాలె?" అన్నాడు. అతణ్ణి ఏమనగలను?

మొన్న వానలు పడగానే మీ ఎరువే ఒక బండెడు తెప్పించి మా మెట్టచెలకలో పోయించాను. దాన్ని చల్లుతుంటే నా భార్య బుచ్చవ్వ అరికాలు తెగింది. కాలిలోంచి తీసిన పెంకును కడిగి చూస్తే దానిమీద నీలిరంగు పువ్వు ఉంది.

"గిది మన చాయ కప్పే గదా! ధర్మపురి జాతరల కొన్నది. పలిగిందని నువ్వే రెండో బుట్టల ఏస్తివి" అన్నది.

వారం రోజులుగా ఆమె కాలు కింద మోపలేదు. వాడలో అందరూ మళ్ళీ ఒక్క బుట్టకే వచ్చారు.

ఆ పెంకును వేరే కాగితంలో చుట్టి ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. చెయ్యి తెగకుండా విప్పండి. దీన్ని ఈసారి ఏ బుట్టలో వేయాలో దయచేసి తెలియజేయండి.

ఇట్లు,
మీ చాటింపు విన్న రిటైర్డు బడిపంతులు