స్క్రూడ్రైవర్ పిడిలో వాన

హోసూరు, ఆదివారం, 1997

నా కారు ఇంజన్‌లో వచ్చే టకటక శబ్దం మెకానిక్ మునిరప్ప పాపమేనని ఆరు నెలలుగా ఊరంతా చెప్పాను. నా మాట నమ్మి ముగ్గురు అతని షెడ్డు మానేశారు, సంతోషించాను. ఈరోజు అదే మాట అతని మొహం మీదే అనాలని జూజువాడిలో అతని షెడ్డుకి కారు తీసుకెళ్ళాను.

అన్నాను. మునిరప్ప బానెట్ ఎత్తాడు. తిరుగుతున్న ఇంజన్ మీద పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. తర్వాత నా చేతికిచ్చాడు.

"ఈడ పెట్టి మీరే ఇనండి సారూ."

కళ్ళు మూసుకున్నాను. చిన్నప్పుడు కెలమంగలం ఇంట్లో పట్టుపురుగులు ఆకు మేసే చప్పుడు, సన్నని వాన లాంటిది, పిడిలోంచి వినిపించింది. కాసేపు ఎందుకు వచ్చానో మరిచిపోయాను.

అతను ఇంజన్ పైమూత విప్పాడు. "ఈ టాపెట్ల మరలు లూజుగా ఉండాయి, అందుకే టకటక. నేను చేసిచ్చినాక ఎవరన్నా తిప్పినారా?"

"లేదప్పా."

"ఎవురో బాగా సదువుకున్నోడు తిప్పినట్టుండాది," అని నవ్వి బిగించాడు.

కారు పుస్తకం చూసి ఆ మరలు తిప్పింది నేనే. అతనికి తెలిసిపోయింది.

వచ్చే దారంతా ఇంజన్ నిద్రలో ఊపిరిలా నడిచింది. రేపు ఆ ముగ్గురి ఇళ్ళకూ వెళ్ళి తప్పు నాదేనని చెప్పాలి. మొదటి ఇంట్లో ఏమని మొదలుపెట్టాలో...