నేనడిగింది వరము, వరుడు కాదు

పెళ్ళి చేసుకోని ఆడదానికి మతి స్థిమితంగా ఉంటుందని మీలో ఎంతమంది నమ్ముతారు? చేతులెత్తండి, చూస్తాను. ఎత్తనివారి కోసమే ముందుగా రాస్తున్నాను: కీర్తిశేషులు బండారు దానియేలు గారి పెద్ద కుమార్తె జయకుమారి అను నేను, నరసాపురంలో పుట్టి, ఢిల్లీలో నర్సుగా చేసి రిటైరై, నోయిడాలో సొంత ఫ్లాటులో ఒక్కదాన్నే కాపురముంటూ, ఇళ్ళల్లో జరిగే ప్రార్థన కూడికల్లో బైబిలు వాక్యం చెప్పుకుంటూ, పూర్తి తెలివితో, ఎవరూ బెదిరించకుండా, బతిమాలకుండా ఈ వీలునామా రాసుకుంటున్నాను. పెళ్ళికి బెదిరించినవారూ బతిమాలినవారూ బోలెడంతమంది. వీలునామాకు ఒక్కరూ రాలేదు.

ఇప్పుడే ఎందుకంటే, నా తమ్ముడు సిలాసు కూతురు అక్సాను చూడటానికి రేపు సాయంత్రం గురుగ్రామ్‌లో వాళ్ళింటికి పెళ్ళివారు వస్తున్నారు. అక్సా ముప్పై దాటిన పిల్ల. "అత్తా, ముఝే శాదీ నహీ కర్నీ, పెళ్ళి వద్దు నాకు. ఎవరిమీదా కోపం లేదు. నాకు ఒక్కదాన్నే ఉండాలనుంది, బస్" అని నాకూ చెప్పింది, వాళ్ళ నాన్నకూ చెప్పింది. సిలాసు నాకు ఫోన్ చేసి, "నీ గాలి సోకింది దానికి, అక్కా. మా పరువు మాకుంది" అన్నాడు. కాబట్టి నా గాలినీ, ఆ గాలి ఆడే ఇంటినీ ఈ కింది విధంగా పంచుతున్నాను.

1. నోయిడా ఫ్లాటు సర్వహక్కులతో అక్సాకు చెందవలెను. పెళ్ళి చేసుకున్నా చెందును, మానుకున్నా చెందును. షరతులు పెట్టడం మా తమ్ముడి పని. నాది ఒక్కటే నిబంధన: సంబంధాలు మాట్లాడటానికి వచ్చేవారికి ఈ ఇంట టీ ఇవ్వరాదు. చల్లని నీళ్ళు ఇవ్వవచ్చు, గిన్నెడు చన్నీళ్ళిచ్చినా ఫలముందన్న వాక్యప్రకారం.

2. సిలాసుకు నా డబుల్ కాట్. నేను ఈ ఇంట్లోకి వచ్చిననాడు "రేపు పనికొస్తుందక్కా" అంటూ వాడే కొనిచ్చాడు. పనికొచ్చింది. ఇన్నేళ్ళూ సరిగ్గా మధ్యలో పడుకున్నాను.

3. మా సంఘ కార్యదర్శి ఎరిక్‌కు గుణింతాల చార్టు ఒకటి, నా భూతద్దం. ఢిల్లీలో పుట్టి పెరిగినవాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. నేను రిటైరైన ఏడాది, "దేవుడు నాకిచ్చిన వరము నిలిచేటట్టు ప్రార్థించండి" అని చీటీ రాసిచ్చాను. ఒంటరిగా ఉండగలగడమూ ఒక వరమేనని బైబిల్లో అపొస్తలుడు రాశాడు. మన సంఘం ఆ అధ్యాయాన్ని పెళ్ళిళ్ళ సీజనులో దాటేస్తుంది. ఎరిక్ మైకులో చదివాడు: "జయకుమారి ఆంటీకి దేవుడిచ్చిన వరుడు నిలిచేటట్టు." సంఘమంతా ఆమేన్ అంది. లేచి సరిచేస్తే, "సిగ్గుపడుతోంది పాపం" అన్నారు. అప్పటినుంచీ ప్రతి ఆదివారం నా వరుడి కోసం ప్రార్థన జరుగుతూనే ఉంది. భార్య పోయిన పెద్దమనుషులు ఒకరిద్దరు ఆరాధనయ్యాక నా మోకాళ్ళ నొప్పిని పరామర్శించసాగారు.

4. నా స్నేహితురాలు ఉమకు నా రజాయి, అంటే దూది బొంత, ఈ వీలునామా అమలుచేసే తలనొప్పీ. ఉద్యోగం కొత్తలో ఢిల్లీ సరోజినీ నగర్‌లో ఇద్దరం ఒక్క గదిలో ఉండేవాళ్ళం. చలి ఎలా ఉంటుందో తెలియక వచ్చిన నాకు తన రజాయిలో సగం ఇచ్చింది. తర్వాత పెళ్ళి చేసుకుని వెళ్ళింది. "మరి నువ్వెప్పుడు?" అని ఈనాటికీ అడగలేదు. తను వెళ్ళిన వారం భయమేసి, ఆ ఖాళీ గదిలో లేఖనం గట్టిగా చదువుకునేదాన్ని. ఒకనాడు ఎవరిదో గొంతు బలంగా వినబడినట్టయింది. చూస్తే నాదే. ఇంట్లోనూ వార్డులోనూ "అలాగేనండి" అనడానికి తప్ప వాడని గొంతు అది. దేవుడు నన్ను పిలిచాడని తర్వాత తెలిసింది. అక్కడ నేనంటూ ఒకదాన్ని ఉన్నానని ముందు తెలిసింది. జ్వరాలొచ్చిన రోజులూ, ఏడ్చిన పండుగలూ లేకపోలేదు. అయినా ఆ గదిని ఇంక దేనితోనూ మార్చుకోవాలనిపించలేదు.

5. "ముసలితనంలో గుక్కెడు నీళ్ళెవరిస్తారు, వదినా?" అని విసుగులేకుండా అడిగే మరదలికి నా రాగి చెంబు. నలుగురేసి కొడుకులున్న పేషెంట్లకు ఆ గుక్కెడు నీళ్ళూ పోసింది నేనే. కొడుకులు కింద పార్కింగులో ఉండేవారు.

6. పెళ్ళికాకుండా పోయినదానికి తెల్లచీర కట్టి, పూలకిరీటం పెట్టి, పెండ్లికూతురిలా పెట్టెలో పడుకోబెట్టే అలవాటు మనవాళ్ళలో ఉంది. నాకు వద్దు. బతికుండగా తప్పించుకున్నదాన్ని, చచ్చాక పట్టుబడితే బాగుండదు. నీలం అంచు నేతచీర చాలు. సమాధి ప్రసంగంలో పాస్టరుగారు "పాపం" అన్న మాటను బైబిలు అర్థంలోనే వాడవలెను.

7. సిలాసూ, దీని నకలు ఈ రోజే ఉమ నీ చేతికిస్తుంది. వీలునామా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందని నాకూ తెలుసు. కానీ రేపు సాయంత్రంలోగా నేను పోయే సూచనలేవీ కనబడటం లేదు. పెళ్ళివారు మంచివాళ్ళే కావచ్చు. వద్దన్న పిల్లను ముస్తాబు చేసి కూర్చోబెడితే వాళ్ళనూ మోసం చేసినట్టే. అక్సా నీ పరువు కోసం నవ్వుతుంది, ఆ నవ్వును వాళ్ళు ఒప్పుకోలనుకుంటారు, నువ్వూ అనుకుంటావు. వాళ్ళకు ఫోన్ చెయ్యి. అమ్మాయికి ఇష్టం లేదని ఒక్క మాట చెప్పు. "ప్రార్థన చేసి చెబుతాం" అనకు. ప్రార్థన నేను చేసేశాను. ఈ పూటే, ఈ కాగితం కింద పెట్టకముందే, నువ్వు ఫోన్ చెయ్యి.

నోయిడా, 14 నవంబరు 2025, శుక్రవారం

(సంతకం) బండారు జయకుమారి

సాక్షులు:
అనంతరామయ్య, పక్క ఫ్లాటు
మైథిలి, కింది అంతస్తు