నా పేరున ఒక ఖాతా

ఏప్రిల్ 14

ఇంటర్‌లో 962. తమిళనాడులో ఒక కాలేజీ అగ్రికల్చర్ బీఎస్సీ సీటు ఇస్తామని మెయిల్ పెట్టింది. మే 31 లోపల మొదటి ఏడాది ఫీజు, హాస్టల్ కట్టాలి. వేరే రాష్ట్రం కాబట్టి ఇక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదట. నాన్నకి కొబ్బరి దింపు పని రోజూ ఉండదు. అమ్మ మస్కట్‌లో వంటపని చేసి పంపేది ఇంటికే సరిపోతుంది. స్కాలర్‌షిప్ వెతుక్కోవాలి.

ఏప్రిల్ 20

ఏడు స్కాలర్‌షిప్‌లకి ప్రయత్నించాను. ఒకదానికి తండ్రి ఐటీ రిటర్న్ కావాలి. నాన్నని అడిగితే అదేంటమ్మా అన్నాడు. ఇంకొకటి నిన్ననే క్లోజయింది. మూడోదానికి ‘నా జీవితంలో అతి పెద్ద కష్టం’ అని ఎస్సే రాశాను. సెలెక్ట్ కాలేదు. నా కష్టం వాళ్ళకి చాలలేదేమో.

ఏప్రిల్ 23, ఉదయం 11

వాట్సాప్ గ్రూపులో ఒక ట్రస్ట్ ఫారం వచ్చింది. మార్కులు అడగలేదు. ఇన్‌కమ్ సర్టిఫికెట్ అడగలేదు. పుట్టిన తేదీ మాత్రం రెండు చోట్ల అడిగారు. నింపి పంపేశాను.

సాయంత్రం 4

అప్పుడే ఫోన్ వచ్చింది. ట్రస్ట్ నుంచి సరోజిని మేడమ్ అట. గొంతు ఎంత తియ్యగా ఉందో. లక్ష్మీదుర్గా, నీకు పద్దెనిమిది ఎప్పుడు నిండుతాయి తల్లీ అని అడిగింది. మే 3న అండీ అన్నాను. అయితే 4న మాట్లాడుకుందాం అని పెట్టేసింది. ఏం చదవాలనుకుంటున్నానో అడగలేదు.

మే 4

మేడమ్ సరిగ్గా తొమ్మిదింటికి ఫోన్ చేసింది. బ్యాంకులో కొత్త ఖాతా తెరవాలట. కొత్త సిమ్ తీసుకుని ఆ నంబరే ఇవ్వాలట.

మే 9

నాన్నా నేనూ బస్సులో అమలాపురం వెళ్ళి కొత్త సిమ్ తీసుకుని, ఖాతా తెరిచాం. ట్రస్ట్ మనిషి బ్యాంకుకి రెండు వీధుల అవతల బైకు మీద ఉన్నాడు. హెల్మెట్ తియ్యలేదు. ఏటీఎం కార్డు, పిన్ కాగితం, సిమ్ కవరులో పెట్టి ఇమ్మన్నాడు. ఫీజు మేమే నేరుగా కట్టేస్తామండీ, పిల్లలు ఖర్చు పెట్టేసుకోకుండా ఈ ఏర్పాటండీ అన్నాడు. నాన్న ఆయ్, అదే మంచిదండీ అని కవరు ఇచ్చి, ఆయన కోసం తెచ్చిన రెండు కొబ్బరి బొండాలు బైకుకి తగిలించాడు.

మే 15

నాన్న ఫోన్‌కి పదివేలు పడ్డాయి. పుస్తకాలకట. నాన్న పెరట్లోకి వెళ్ళి మొహం కడుక్కుని చాలాసేపటికి వచ్చాడు.

మేడమ్ ఫోన్ చేసి, పద్దెనిమిది నిండిన స్నేహితులు ఎవరైనా ఉంటే పేర్లు ఇమ్మంది. రాహేలు పేరు ఇచ్చాను. నాలాగే నర్సింగ్ ఫీజు కోసం తిరుగుతోంది పాపం.

మే 19

ప్రింట్ కోసం బంగారరాజు గారి నెట్ సెంటర్‌కి వెళ్ళాను. ట్రస్ట్ సంగతి చెప్తే ఆయన మౌస్ వదిలేశారు. కార్డు తీసుకునే స్కాలర్‌షిప్ నేనెక్కడా చూడలేదమ్మా, పాస్‌బుక్ ఓసారి ప్రింట్ చేయించు అన్నారు. కోపం వచ్చింది. డబ్బులిచ్చి విసురుగా వచ్చేశాను.

మే 21

బ్యాంకులో పాస్‌బుక్ ప్రింట్ మెషీన్ ఆగలేదు. ఒక పేజీ అయింది, రెండోది, మూడోది. ఎవరెవరివో పేర్లు. వేలూ లక్షలూ రావడం, అదే రోజు పోవడం. ఒక లైన్ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ ఆపరేషన్’ అని ఉంది. అవీ పోయాయి.

కౌంటర్లో ఆయన నన్నే చూస్తూ, వ్యాపారం చేస్తున్నారా అండీ అన్నాడు.

ఆయ్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

మే 22

మేడమ్‌కి ఫోన్ చేశాను. కార్డు ఇచ్చేయండి అన్నాను. కోపపడలేదు. అదే గొంతు. ఖాతా నీది, ఆధార్ నీది, సంతకం నీది, ఫొటో నీది. మరి మమ్మల్ని ఎవరు అడుగుతారు తల్లీ అంది. బాగా చదువుకో అంది.

మే 23

పొద్దున్నే రాహేలు ఇంటికి పరిగెత్తాను. నిన్ననే కవరు ఇచ్చేసిందట. నీ మేలు మర్చిపోనే అని వాళ్ళమ్మ చేత నాకు టీ పెట్టించింది. తాగాను. తాగాక చెప్పాను. రాహేలు గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మే 24

నాన్నకి చెప్పాను. నడుముకి కట్టిన దింపు తాడు విప్పకుండా అలాగే కూర్చుండిపోయాడు. స్టేషన్‌కి వెళ్తే నిన్ను ఉంచేసుకుంటారేమోనమ్మా అన్నాడు. వెళ్ళకపోతే ఇంకో ఆపరేషన్ డబ్బులు పోతాయి నాన్నా అన్నాను. బంగారరాజు గారే సైబర్ హెల్ప్‌లైన్‌కి కలిపి ఇచ్చారు. తర్వాత ఆయనా నాన్నా నేనూ స్టేషన్‌కి వెళ్ళాం. రాహేలు కూడా వచ్చింది కానీ నా పక్కన నడవలేదు.

మా ఇద్దరి ఖాతాలూ ఆపేయించారు. ఎస్సై గారు నా మాటలన్నీ రాయించుకుని, నీ ఖాతా మీద వేరే రెండు రాష్ట్రాల్లో ఇప్పటికే కేసులున్నాయమ్మా, అక్కడి పోలీసులు వస్తారు, పిలిస్తే రావాలి అన్నారు.

మేడమ్ నంబరు పని చెయ్యడం లేదు.

మే 31

సీటు గడువు అయిపోయింది. అమ్మకి ఇంకా చెప్పలేదు.

జూన్ 3

స్టేషన్‌కి పిలిచారు. బెంచీల మీద చోటు లేదు. అందరూ ఆడపిల్లలే, అందరి చేతుల్లో ప్లాస్టిక్ ఫైళ్ళు. గుమ్మంలోంచి కానిస్టేబుల్ లక్ష్మీదుర్గ అని పిలిచాడు.

ముగ్గురు లక్ష్మీదుర్గలం లేచి నిలబడ్డాం.