నలభై మూడో పేజీ

శామీర్‌పేట,
సెప్టెంబర్ 18

చిరంజీవి నయనకు పెద్దబాపు దీవెనలు. ఇక్కడ నా మోకాళ్ళు తప్ప అందరం క్షేమం.

నీ కవితల పుస్తకం వచ్చిందట. ఆ సంగతి నాకు పేపర్ చెప్పింది. కీసర వాళ్ళు విన్నారు, దుండిగల్ కాలేజీ వాళ్ళు పిలిచారు, మేడ్చల్ గ్రంథాలయంలో శాలువా కప్పారు. పోస్టాఫీసు బల్ల మీద కూర్చోబెట్టుకుని, ఎవరూ తీసుకోని వారపత్రికలతో నీకు అక్షరాలు నేర్పినవాడికి మాత్రం పుస్తకం రాలేదు. కోపం లేదు. ఉన్నా రాయను.

వెంటనే పోస్టులో పంపు. బస్సెక్కితే కాసేపట్లో రావచ్చు, ఫోన్ చేస్తే ఇంకా జల్దీ కదా అంటావు. ముప్పై ఏళ్ళు బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌గా చేసినవాడు ఫోనుకు దిగితే, అన్నేళ్ళు కొట్టిన ముద్రలకు అర్థం ఏముంది?

నీ పెద్దబాపు,
జనార్ధన్

తా.క.: నడక మానలేదు. రోజూ పొద్దున ఆరింటికి రఘునందన్‌తో వెళ్తున్నాను. వాకర్స్ సంఘానికి అతనే అధ్యక్షుడు. మీ పెద్దమ్మ అతన్ని ఒకసారి టీకి పిలవమంటుంది. పాపం, అతనికి తీరిక దొరకదు.


మేడ్చల్,
సెప్టెంబర్ 24

పెద్దబాపుకూ పెద్దమ్మకూ నయన నమస్కారాలు.

పుస్తకం పంపుతున్నాను. ఆలస్యానికి కోప్పడకండి. కండ్లకోయ కాలేజీలో లైబ్రరీ తాళం వేయగానే ఏదో ఒక సభకు పరుగెత్తడమే ఈ రెండు నెలలూ నా బతుకు. దుండిగల్‌లో నా కవితలను డ్యాన్సుకూ ఫ్యాషన్ షోకూ మధ్య ఇరికించారు. పదకొండు మంది విన్నారు, అందులో నలుగురు మైకు సర్దేవాళ్ళు. కీసరలో హాలు నిండింది. కానీ చివరి వరుసలో మంకీ టోపీ, మాస్కు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన కవిత మధ్యలో లేచి వెళ్ళిపోయాడు. ఆ ఉక్కపోతలో మంకీ టోపీ ఏమిటో అర్థం కాలేదు.

పుస్తకం వేసింది దుర్గాబాయి గారు. ప్రచురణ సంస్థ అంటే ఆమె, ఆమె స్కూటీ, అంతే. అయినా రెండో విడత అచ్చుకు పోతోంది.

మీ నయన

తా.క.: అక్షరాలు మరీ చిన్నవి. మీ కళ్ళకు శ్రమ. మొదటి ఇరవై పేజీలు చదివితే చాలు.


శామీర్‌పేట,
అక్టోబర్ 1

చిరంజీవి నయనకు దీవెనలు. మోకాళ్ళు అట్లాగే ఉన్నాయి.

పుస్తకం మొత్తం చదివాను, అట్ట వెనక నీ ఫోటోతో సహా. నిన్ను మోసం చేశారు బిడ్డా. నలభై రెండో పేజీ తర్వాత నలభై ఐదు ఉంది. మధ్యలో కాగితం లేదు. విషయసూచికలో చూస్తే నలభై మూడు దగ్గర ‘పెద్దబాపు నడక’ అని ఉంది.

మా తపాలా వాళ్ళు ఈ పని చేయరు. ఇది చించింది కాదు, బ్లేడుతో కోసినంత నున్నగా ఉంది. ప్రెస్సువాళ్ళ పనే. దుర్గాబాయి గారికి ఘాటుగా ఒక ఉత్తరం రాసి పడేశాను.

నా మీద కవిత రాసి నాకే చెప్పలేదు. రఘునందన్‌కు చెబితే, “మన నడక మీద కవితనా? మస్తుగుంటది. దసరా తెల్లారి అలయ్ బలయ్‌ల సదివిద్దాం” అన్నాడు. ఫ్లెక్సీ కూడా వేయిస్తాడట. నా ఫోటో, కింద ‘నడకవీరుడు’. నువ్వే ముఖ్య అతిథివి.

నీ పెద్దబాపు

తా.క.: నడక వల్ల నాకు షుగరు తగ్గిన సంగతి ఆ కవితలో ఉందా? రఘునందన్ అడగమన్నాడు.


మేడ్చల్,
అక్టోబర్ 7

పెద్దబాపుకు నయన నమస్కారాలు.

మీ ఉత్తరం పట్టుకుని దుర్గాబాయి గారు అచ్చాఫీసుకు పోయి, ఉన్న పుస్తకాలన్నీ విప్పి చూశారట. అన్నిట్లో ఆ కాగితం ఉంది. “మీ పెద్దబాపు పుస్తకంల్నే ఎట్ల పోయింది?” అని నన్నే అడిగారు. యంత్రం దోషం అన్నాను. మీరూ అలాగే అనుకోండి.

కవిత ఇక్కడే రాస్తున్నాను. ఫ్లెక్సీ మాత్రం వద్దు.

పొద్దున నడిస్తే గుండెకు హాయి,
మాపున నడిస్తే నిద్దుర హాయి,
నడిచే బాపుకు రోగం లేదు,
నడవనివాడికి భోగం లేదు.

మీ నయన

తా.క.: అలయ్ బలయ్ నాటికి నా గొంతు పోయేలా ఉంది.


శామీర్‌పేట,
అక్టోబర్ 11

చిరంజీవి నయనకు దీవెనలు.

నీ నాలుగు పాదాలూ అందాయి. రఘునందన్‌కు తెగ నచ్చాయి. షుగరు పరీక్షల శిబిరంలో గోడకు అంటిస్తాడట. నాకు నచ్చలేదు. పుస్తకంలో మిగతావన్నీ నువ్వు రాసినట్టున్నాయి, ఇది మందుల షాపువాడు రాసినట్టుంది. పైగా రెండు పేజీల కవిత నాలుగు పాదాలకు ఎట్లా కుదించుకుపోయింది?

ఆదివారం నేనే మేడ్చల్ వచ్చి దుర్గాబాయి గారి దగ్గర ఇంకో పుస్తకం తీసుకుంటాను.

నీ పెద్దబాపు

తా.క.: నీ పాదాలు మీ పెద్దమ్మకు చదివి వినిపించాను. కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. రఘునందన్‌కు నచ్చాయంటే ఇంకా నవ్వింది. ఎందుకో చెప్పదు.


మేడ్చల్,
అక్టోబర్ 14

పెద్దబాపుకు,

ఆదివారం రాకండి. ముందు ఇది చదవండి.

ఆ కాగితం కోసింది నేనే. లైబ్రరీలో కూర్చుని, బ్లేడుతో. సూచికలో పేరు ఉంటుందన్న సంగతి మరిచిపోయాను. లైబ్రరీలో పనిచేసే మనిషిని, సిగ్గుగా ఉంది.

చేను ప్లాట్లకు అమ్మిన రోజు “అమ్మిన, ఇగ తిరిగి సూడ” అని మీరు అందరి ముందు అన్నారు. ఇప్పటికీ అంటారు. నిరుడు బతుకమ్మకు మీ ఇంటికి వచ్చినప్పుడు తంగేడు పూల కోసం పొద్దున్నే అటు వెళ్ళాను. మన బావి పూడ్చిన చోట, పదిహేడో నంబరు ప్లాటు హద్దురాయి మీద మీరు కూర్చుని ఉన్నారు. చెప్పులు దూరంగా విడిచారు. ఎండ ఎక్కేదాకా లేవలేదు. రఘునందన్ గారు ఆ రోజు రాలేదేమో, మీరొక్కరే ఉన్నారు. పిలవకుండా వెనక్కి వచ్చి ఆ కవిత రాశాను.

ఏడు చోట్ల చదివాను. చదివినచోటల్లా ఎవరో ఒకరు వచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. మీరు చదివితే మాత్రం, పదిమందిలో పరువు తీసిందని ఇక నా మొహం చూడరేమోనని భయం. మీరు వద్దంటే రెండో విడతలో అది ఉండదు. మీ జవాబు వచ్చేదాకా అచ్చు ఆపమని దుర్గాబాయి గారికి చెప్పాను. పుస్తకం లేకపోయినా బతుకుతాను. మీరు మాట్లాడకపోతే నావల్ల కాదు.

నయన

తా.క.: కోసిన కాగితం దీంట్లోనే పెట్టాను. అంటించుకున్నా, పొయ్యిలో వేసినా మీ ఇష్టం.


శామీర్‌పేట,
అక్టోబర్ 17

చిరంజీవి నయనకు దీవెనలు. ఇవాళ మోకాళ్ళు కూడా క్షేమం.

కీసరలో ఆ మంకీ టోపీ నేనే. పేపర్లో చూసి, పిలవని సభకు వచ్చాను కనుక మొహం కప్పుకున్నాను. నువ్వు ‘పెద్దబాపు నడక’ అన్నావు. చెప్పులు విడిచిన చోటు దాకా విన్నాను. ఆ తర్వాత మాస్కు తడిసిపోయింది, అందుకే లేచాను.

ఇన్నేళ్ళు ఎవరికీ చెప్పుకోలేనిది నువ్వు చూసి, చూశానని నన్ను నిలదీయకుండా రాశావు. గుండె మీది బరువు దిగింది బిడ్డా. పుస్తకం పంపమన్నది ఆ పేజీ చేత్తో పట్టుకుని చదవాలనే. అదే కోసి పంపేసరికి, నా గురించి రాసినందుకు సిగ్గుపడుతున్నావేమో అనుకున్నాను. నీకంటే నేనే ఎక్కువ భయపడ్డాను. ఇప్పుడు టేపుతో అంటించుకున్నాను, హాయిగా ఉంది.

అచ్చు ఆపొద్దని దుర్గాబాయి గారికి రాశాను, ఈసారి మర్యాదగా. ఒక్క సవరణ ఉంది. మన బావి పదిహేడులో కాదు, పంతొమ్మిదిలో ఉండేది. నువ్వు దూరం నుంచి చూశావు.

ఆ ప్లాటువాళ్ళు కార్తీకంలో ఇంటికి ముగ్గు పోస్తారట. ఈలోపు ఒక పొద్దున వచ్చి, ఆ రాయి దగ్గర నిలబడి చదువు. శాలువా ఉండదు, ఫ్లెక్సీ ఉండదు. వాకర్స్ సంఘం కూడా ఉండదు, ఎందుకంటే రఘునందన్ అనే మనిషే లేడు. పొద్దున్నే ఎటు పోతున్నావని మీ పెద్దమ్మ అడిగితే చెప్పడానికి అప్పట్లో పుట్టించాను. ఆ కవిత నీ నోట రప్పించడానికి ఈ నెల అతనికి కొంచెం ఎక్కువ పని చెప్పాను.

నీ పెద్దబాపు,
జనార్ధన్

తా.క.: ఈ ఉత్తరం మీ పెద్దమ్మకు చదివి వినిపించి, నిజం ఒప్పుకున్నాను. ఆమెకు మొదటి నెల నుంచే తెలుసట. నువ్వు వచ్చే రోజు తనూ వస్తుందట, ఫ్లాస్కులో టీ తెస్తుందట. “రఘునందన్‌కు గూడ ఒక గిలాస తేవాల్నా?” అని అడుగుతోంది.